ముందు బ్రేకు ఏ చేతికి

నా కూతురి సైకిల్ వెనక చక్రం నేలను విడిచి జానెడు పైకి లేచింది. మళ్ళీ కింద పడింది. అంతే. ఆ క్షణంలో నేను తల తిప్పి ఉంటే నాకు కనిపించేది కూడా కాదు.

శుక్రవారం సాయంత్రం. మదనపల్లెలో మా ఇల్లు ఒక ఏటవాలు వీధికి పై కొసన ఉంటుంది. కింది కొసన ఆ వీధి నేరుగా మెయిన్ రోడ్డులోకి దిగుతుంది. ఆ రోడ్డు మీద టమోటా లారీలు మార్కెట్టుకు పోతూ వస్తూనే ఉంటాయి. నేను గేటు దగ్గర నిలబడి ఆరిన బట్టలు మడత పెడుతున్నాను. పన్నెండేళ్ళ నా కూతురు కొత్తగా ఇంటికి వచ్చిన సైకిల్ మీద వీధి దిగుతోంది. మధ్యలో ఒక కుక్క అడ్డం వచ్చింది. పాప బ్రేకు పట్టింది. ముందు చక్రం ఎవరో పట్టి ఆపినట్టు ఆగిపోయింది. వెనక చక్రం లేచింది. పాప ఒళ్ళంతా హ్యాండిల్ మీదికి ఒరిగింది. నా చేతిలో మా ఆయన చొక్కా ఉంది. దాన్నే గట్టిగా పట్టుకున్నాను, అదే సైకిల్ అయినట్టు.

చక్రం కింద పడ్డాక పాప నవ్వింది. తొమ్మిదేళ్ళ నా కొడుకు అరుగు మీదనుంచి చప్పట్లు కొట్టాడు.

"ఇంగోసారి చెయ్యక్కా! గుర్రం మాదిరి లేచింది!"

"నేనేమీ చెయ్యలేదురా. అదే లేచింది."

కావాలని చేసి ఉంటే నాలుగు తిట్టి లోపలికి పోయేదాన్ని. అదే లేచింది అనేసరికి చేతిలో చొక్కాను గేటు మీద పడేశాను. సైకిల్‌ను పైకి తోసుకు రమ్మన్నాను.

"ఏ చేత్తో పట్టినావు?"

"ఎడం చేత్తో మా. ఎప్పుడూ దాంతోనే గదా పడతాను."

ముందు చక్రాన్ని పైకెత్తి తిప్పి, ఎడమ పిడి నొక్కాను. చక్రం ఆగింది. తర్వాత గోడకు ఆనించి ఉన్న నా కొడుకు సైకిల్ దగ్గరికి పోయి అదే పని చేశాను. దానికి ముందు చక్రాన్ని ఆపేది కుడి పిడి. ఎడమది వెనక చక్రానికి. ఒకే ఇంట్లో రెండు సైకిళ్ళు, ఒకదానికొకటి తిరకాసుగా ఉన్నాయి. పిల్లలిద్దరూ ఆ రెండింటినీ రోజుకు పదిసార్లు మార్చుకుంటారు. పాప ఇన్నేళ్ళూ తొక్కింది తమ్ముడు ఇప్పుడు తొక్కుతున్న సైకిల్‌నే. దాని మీద ఎడమ చేయి ఎంత గట్టిగా పట్టినా వెనక చక్రం కాస్త జారి ఆగేది. ఆ అలవాటుతోనే ఈ సైకిల్ మీద ఎడమ చేయి బిగించింది.

సోమవారం బడి తెరుస్తారు. ఆ రోజునుంచి పాప సైకిల్ మీదే బడికి పోవాలని మా ఆయన వారం ముందే ప్రకటించేశాడు. అంటే ఆ వీధి దిగి, మెయిన్ రోడ్డు అంచున ఆగి, లారీలు చూసుకుని, కుడి చేయి చాపి, కుడివైపుకు తిరగాలి. నా చేతిలో ఉన్నది శనివారం, ఆదివారం.

ఇది రాస్తున్నది పిల్లలు పడుకున్నాక. పగలు రాస్తే ఎవరో ఒకరు భుజం మీదనుంచి తొంగి చూసి, "ఇంకా ఆ బ్రేకు సంగతేనా?" అంటారు. అవును, ఇంకా ఆ బ్రేకు సంగతే.

ఆ సైకిల్ కుప్పం నుంచి వచ్చింది. అక్కడ మా బావ ఉంటాడు, మా ఆయనకు అన్న. ఆయన కొడుకు రోజూ రైలెక్కి బెంగళూరు పోయి చదువుకునేటప్పుడు అక్కడ కొనుక్కున్న సైకిల్ అది. వాడికి మోటార్ సైకిల్ వచ్చింది కాబట్టి సైకిల్ మాకు వచ్చింది. మా ఆయనకు మదనపల్లెలో ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది, సరుకు దింపడానికి ఒక ట్రాలీ ఆటో ఉంది. దాంట్లో వేసుకొచ్చాం. సైకిల్‌ను ఆటోలోకి ఎక్కించే ముందు మా బావ దాని పక్కన నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. ఆ రోజు నేను సరిగా వినలేదు. ఆయన ఉపన్యాసాలు వినకపోవడం పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకున్నాను. అందులో ముందు బ్రేకును ఎడమ చేతికి మార్పించాననే ముక్క కూడా ఉందని శుక్రవారం రాత్రి ఫోన్లో తెలిసింది.

ఫోన్ చేసింది మా ఆయనే. అన్నతో మాట్లాడేటప్పుడు స్పీకర్ పెట్టడం ఆయనకు గౌరవం.

"అన్నా, మీ మరదలు బయపడతాండాది. సైకిల్ లేచిందంట."

"లేస్తాది మరి! యాల లేయదు? అది బలమైన బ్రేకు. ఏమ్మా, ఇంటాండావా?"

"ఇంటాండా బావా."

"ప్రపంచంలో రేసులు తొక్కేవోళ్ళంతా ముందు బ్రేకు ఎడం చేత్తోనే పడతారమ్మా. మనోళ్ళే ఈ కుడి చెయ్యి పట్టుకోని ఏలాడతాండారు. అందుకే అబ్బోడికి ఆడ బెంగళూర్లోనే మార్పిచ్చినా."

"పాప రేసుకు పోదు బావా. బడికి పోతాది."

"ఆమా ఆమా, అదీ నిజమే అనుకో. ఐనా అలవాటు కావల్లమ్మా."

"తమ్ముడి సైకిలుకు కుడిపక్క ఉండాది, అక్క సైకిలుకు ఎడంపక్క ఉండాది. ఇద్దురూ మార్చి మార్చి తొక్కుతారు. యాది ఏ చెయ్యో వాళ్ళకెట్ల గుర్తుంటాది?"

"అయితే చిన్నోడిది గూడా ఎడమకు మార్పిచ్చండి" అన్నాడు బావ. "ఒక్కొక్క ఇల్లూ మారితేనే దేశం మారేది."

మా బావ సైకిల్ ఎక్కగా నేను చూడలేదు. ఆయనకు ఆకు వక్క కావాలన్నా స్కూటర్ తీస్తాడు. ఆ అంగడి ఆయన ఇంటి మెట్ల మీదనుంచి పిలిస్తే పలికే దూరంలో ఉంటుంది. ఆ స్కూటర్‌కు ముందు బ్రేకు కుడి చేతికే ఉందని, ఇన్నేళ్ళుగా దాన్ని కుడి చేత్తోనే పడుతున్నాడని ఆయనకు గుర్తు చేయబోయాను. ఫోన్ అప్పటికే పెట్టేశాడు. దేశాన్ని మార్చే మనిషికి తన చేతిలో ఉన్న బండి కనబడదు.

మా ఆయన గురించి కూడా చెప్పాలి. అంగట్లో కూర్చుని ఏ తెగులుకు ఏ మందో రైతులకు చెప్పీ చెప్పీ ఆయనకు ఒక రోగం వచ్చింది. అవతలి మనిషి నోరు తెరవకముందే మందు పేరు చెప్పేస్తాడు. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. ఆ పట్టా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. అది అక్కడ ఉండడమే మా ఇంట్లో అందరికీ సౌకర్యం.

"అన్న చెప్పేది రైటే" అన్నాడు ఫోన్ పక్కన పెట్టి. "కానీ ఆడపిల్లకు ముందు బ్రేకే వద్దు. ముందు బ్రేకు పడితే బోర్లా పడేది. పీకేస్తే పాయ."

"పీకేస్తే ఆగేదెట్ల?"

"వెనకది ఉండాది గదా. మా అక్కాచెల్లెళ్ళంతా వెనక బ్రేకుతోనే తొక్కినారు. ఎవురన్నా పడినారా?"

"మీ అక్కాచెల్లెళ్ళు తొక్కినప్పుడు ఈ లారీలు ఉన్నాయా?"

"మే, నువ్వు అన్నిటికీ బయపడతావు. పాలు పొంగితే బయం, కరెంటు పోతే బయం. గమ్మునుండు."

ఈ ఇంట్లో భయపడే ఉద్యోగం నాది. మిగిలిన వాళ్ళు ధైర్యంగా ఉండగలిగేది నేను దాన్ని సక్రమంగా చేస్తున్నందుకే. జీతం లేకపోతే పోయింది, వినేవాడన్నా లేడు.

ముందు బ్రేకు పీకడం మా ఆయన కనిపెట్టిందేమీ కాదు. మా పక్క ఆడపిల్లల సైకిళ్ళకు అది ఆనవాయితీ. కొత్త సైకిల్ కొంటే గంట బిగించి, బుట్ట బిగించి, ముందు బ్రేకు వైరు తీసేసి ఇస్తారు. ముక్కు కుట్టించినంత మామూలుగా చేయిస్తారు. బడిలో సైకిళ్ళు పెట్టే చోట ఎప్పుడైనా చూడండి. మగపిల్లల సైకిళ్ళకు రెండు వైర్లూ ఉంటాయి. ఆడపిల్లల సైకిళ్ళకు ఒక పిడి వట్టిగా వేలాడుతూ ఉంటుంది. దానికి అన్నం క్యారియర్ సంచీ తగిలించుకుంటారు. మగపిల్లవాడు బోర్లా పడడా? పడతాడు. వాడు పడి లేస్తే దెబ్బ, ఆడపిల్ల పడి లేస్తే మచ్చ. ముఖం మీద మచ్చ పడుతుందేమోనని సగం బ్రేకు తీసి లారీల మధ్యకు పంపుతారు. ఇంత తెలివికి ఏమని పేరు పెట్టాలో నాకు తెలియదు.

శనివారమంతా పిల్లలను సైకిళ్ళు ముట్టనివ్వలేదు. ఇద్దరూ నన్ను శత్రువును చూసినట్టు చూశారు.

ఆదివారం పుంగనూరు పోయాం. అక్కడ మా అత్తగారి ఇల్లు. మా ఆయన చిన్నప్పుడు గంటకింతని సైకిళ్ళు అద్దెకు తీసుకున్న అంగడి ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. మదనపల్లెలో వీధికొక సైకిల్ అంగడి ఉన్నా, ఆయనకు నమ్మకం ఆ ఒక్క మనిషి మీదే. సైకిల్‌ను ట్రాలీ ఆటోలో కట్టుకుని పోయాం. నేను కూడా అంగడి దాకా వెళ్ళాను. నేను వెళ్ళకపోతే ఏమవుతుందో తెలుసు కాబట్టి.

అంగడాయన సైకిల్ కంటే ముందు మా ఆయనను చూసి నవ్వాడు. "ఏమప్పా, మందుల సామీ! నువ్విచ్చిన మందు కొడితే మా బామ్మర్ది తోటలో పురుగులు బలిసినాయంట గదా."

"టానిక్ ఇచ్చింటాలే అన్నా, పొరపాట్న."

బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. అక్కడ ఎప్పుడూ ఒక బెంచీ నిండా మగవాళ్ళు ఉంటారు. ఒక్కరి చేతిలో కూడా సైకిల్ ఉండదు.

నేను ముందుకొచ్చి చెప్పాను. "అన్నా, దీనికి ముందు బ్రేకు ఎడం చేతికి ఉండాది. కుడి చేతికి మార్చండి. వెనకది ఎడం చేతికి రావల్ల. అంతే. ఇంగేమీ ముట్టొద్దండి."

"ఆడపిల్లకా, మొగపిల్లోడికా?"

"ఎవురికైతే ఏమన్నా? చక్రానికి తెలుస్తాదా?"

"అబ్బా, లాయరమ్మ మాదిరి పాయింటు తీస్తాండాదే!" అన్నాడు బెంచీ మీదనుంచి ఒకాయన.

పక్కాయన వక్క నములుతూ, "దాంట్లో ఏముండాదప్పా, వెనక పనికి ఎడం చెయ్యి, ముందు పనికి కుడి చెయ్యి. పుట్టినప్పట్నుంచి మనం చేసేదే గదా" అన్నాడు.

బెంచీ ఊగేలా నవ్వుకున్నారు. ఆ రోజంతా నేను విన్న మాటల్లో పనికొచ్చేది ఆ ఒక్కటే. అన్నవాడు దాన్ని జోకు అనుకున్నాడు.

అంగడాయన గడ్డం గోక్కున్నాడు. "ఈ ఊర్లో ఆడపిల్లోళ్ళ సైకిళ్ళకు ముందు బ్రేకు నేను ఎయ్యనే ఎయ్యనమ్మా. ఒక బిడ్డ గూడా బోర్లా పడిండ్లా నా చేతిమీద."

"నా బిడ్డకు రెండూ కావల్ల."

"సరేమ్మా" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడు, చూపు మాత్రం మా ఆయన మీద ఉంది.

ఆ సరేమ్మా ఎలాంటిదో నాకు తెలుసు. గ్యాసు తెచ్చే మనిషి అంటాడు, బస్సు కండక్టర్ అంటాడు, బడిలో సారు అంటాడు. ఆడమనిషి చెప్పింది విన్నట్టు కనిపించి, తలుపు వేయగానే తాము అనుకున్నది చేయడానికి పనికొచ్చే మాట అది. తెలిసీ అక్కడే నిలబడి ఉండాల్సింది. కానీ అత్తగారు కూరగాయలు తెమ్మన్నారు, నా కొడుకు దాహమన్నాడు. పిల్లలిద్దరినీ తీసుకుని సంతలోకి పోయాను. తిరిగి వచ్చేసరికి సైకిల్ ట్రాలీలో ఉంది, పైన పట్ట కప్పి తాడు కట్టేశారు.

"అయిందా?"

"అయింది, అయింది. ఎక్కు" అన్నాడు మా ఆయన.

మదనపల్లె చేరేసరికి ఎండ చల్లబడింది. సైకిల్ దించి గేటు దగ్గర పెట్టి మా ఆయన ఫోన్ మాట్లాడుకుంటూ లోపలికి పోయాడు. నేను కూరగాయల సంచి వంటింట్లో పెట్టి, వచ్చి బ్రేకులు పట్టి చూద్దామనుకున్నాను. సంచి కింద పెట్టే లోపల వీధిలోనుంచి నా కొడుకు కేక వినిపించింది.

"అమ్మా! ఆగల్యా! ఆగల్యా!"

బయటికి పరిగెత్తాను. వాడు అక్క సైకిల్ మీద వీధి సగం దాటేశాడు. సీటు మీదనుంచి దిగిపోయి రెండు కాళ్ళూ నేలకు రాపాడిస్తున్నాడు. ఒక చెప్పు ఊడి రోడ్డు మీద పడింది. నేను వెనక పరిగెత్తాను. కింద వీధి కొసన ఎవరో ఇల్లు కడుతూ కంకర పోసుకున్నారు. వాడు హ్యాండిల్ అటు తిప్పి ఆ కుప్పలోకి దూరి పడ్డాడు. పడిన చోటికి ఇవతల కంకర, అవతల మెయిన్ రోడ్డు. టమోటా బాక్సుల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. దాని గాలికి వాడి చొక్కా ఎగిరింది.

మోకాలు చెక్కుకుపోయింది. అరచేతిలో రాళ్ళు గుచ్చుకున్నాయి. మిగతా అంతా బాగానే ఉంది. నేను వాడిని ఒళ్ళో వేసుకుని రోడ్డు పక్కన కూర్చున్నాను. వాడు ఏడవలేదు, నాకు వివరంగా చెప్పసాగాడు.

"ఎడమది పట్టినా మా. ఊరికే లోపలికి పోయింది. ఏమీ పట్టుకోలేదు."

"కుడిది పట్టకూడదా నాయనా?"

"కుడిది ముందుది గదా? ముందు బ్రేకు పట్టొద్దని మొన్న నాయన చెప్పిండాడు గదా. బోర్లా పడతానని పట్టలా."

అప్పుడు సైకిల్‌ను చూశాను. ముందు బ్రేకుకు వైరు లేదు. ఎడమ పిడి వట్టిగా ఊగుతోంది. వెనక బ్రేకు కుడి చేతికే ఉంది, బెంగళూరులో ఎలా ఉందో అలానే. చేతులు మార్చలేదు, ఉన్న రెండు బ్రేకుల్లో ఒకటి పీకేశారు. ఆ కుడి పిడి ఒక్కసారి పట్టి ఉంటే సైకిల్ ఆగేది. తన సైకిల్ మీద కుడిది ముందు బ్రేకు. ముందు బ్రేకు పట్టకూడదని తండ్రి చెప్పాడు. నా కొడుకు మాట వినే పిల్లవాడు. అందువల్ల పనిచేసే బ్రేకును చేతిలో పెట్టుకుని, దాన్ని ముట్టకుండా, లారీ కిందికి పోబోయాడు.

మా ఆయన వచ్చాడు. మోకాలు చూశాడు, చేతులు చూశాడు, ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏమీ కాలేదు గదా" అన్నాడు.

నేను వాడి అరచేతిలో రాళ్ళు ఏరుతున్నాను.

"వాడు వాడి సైకిల్ తొక్కకుండా అక్కది యాల తొక్కల్ల?"

సైకిల్‌ను చూపించి, "వైరు యాడ?" అన్నాను.

చొక్కా జేబులోనుంచి చుట్ట చుట్టిన వైరు తీశాడు. "మల్లా కావాలంటే ఏసుకోవచ్చని ఇచ్చినాడు" అన్నాడు. ఆ గొంతులో ఆ అంగడాయన మంచితనం మీద మెచ్చుకోలు ఇంకా మిగిలే ఉంది. నేను ఈ మనిషిని ప్రేమించి పెళ్ళి చేసుకోలేదు, పెద్దవాళ్ళు చూసి చేశారు. ఆ క్షణంలో అది నాకు కాస్త ఊరటగా అనిపించింది.

కొడుకు మోకాలికి మందు రాసి, అరుగు మీద కూర్చోబెట్టి, రెండు సైకిళ్ళూ పక్కపక్కన నిలబెట్టాను. వెలుతురు ఇంకా ఉంది. స్పానరు, కటింగ్ ప్లేయర్ ట్రాలీ ఆటో సీటు కింద ఉంటాయి. కొడుకు సైకిల్‌ను చూస్తూ కూతురి సైకిల్‌కు అలాగే చేయడమే నా పని. వెనక బ్రేకు దగ్గర నట్టు వదులు చేసి, కుడి పిడిలోనుంచి వైరు తీసి ఎడమ పిడిలోకి ఎక్కించాను. జేబులోనుంచి వచ్చిన వైరును కుడి పిడికి పెట్టాను. దాని కొస పోగులు విడిపోయి ఉంది. ఎక్కిస్తుంటే ఒక పోగు వేలిలోకి దిగింది. పాప బ్రేకు రబ్బర్లను చక్రానికి అదిమి పట్టుకుంటే నేను నట్టు బిగించాను. మొదటిసారి చాలా వదులుగా వచ్చింది. విప్పి మళ్ళీ బిగించాను.

"కుడికే యాల మా?" అని అడిగింది పాప. "పెద్దనాయన ఎడమే మంచిదంటాడు గదా."

అడిగింది కాబట్టి చెప్పాను. మొత్తం మీద ఆ విషయం నన్ను అడిగింది ఆ పిల్ల ఒక్కతే. "ఏ చెయ్యి అయినా పర్వాలేదు పాపా. రెండు సైకిళ్ళకూ ఒకటే చెయ్యి ఉండల్ల. తమ్ముడిది కుడికి ఉండాది, నా స్కూటర్‌ది కుడికి ఉండాది, రేపు నువ్వు స్కూటర్ నేర్చుకున్నా కుడికే ఉంటాది. ఇంగొకటి. కింద రోడ్డు కాడ నువ్వు కుడి చెయ్యి చాపుతావు గదా? అప్పుడు హ్యాండిల్ మీద ఎడం చెయ్యి ఒకటే ఉంటాది. ఆ ఒక్క చెయ్యి ముందు చక్రాన్ని పట్టేస్తే ఏమైతాది?"

"లేస్తాది."

"వెనక చక్రాన్ని పడితే?"

"జారతాది. గాని ఆగతాది."

రెండు రోజులు ముగ్గురు మగవాళ్ళు మూడు రకాలుగా మాట్లాడారు. ఒకాయన దేశాన్ని మారుస్తానన్నాడు, ఒకాయన అక్కాచెల్లెళ్ళను సాక్ష్యం తెచ్చాడు, ఒకాయన తన చేతిమీద ఎవరూ పడలేదన్నాడు. ఒక్కడైనా ఆ వీధి దిగి చూశాడా? పిల్ల చేయి ఎటు చాపుతుందో చూశాడా? పన్నెండేళ్ళ పిల్ల చక్రం పక్కన కూర్చుని రెండు మాటల్లో చెప్పేసింది.

బిగించాక నేనే ఎక్కాను. నేను సైకిల్ ఎక్కి చాలా కాలమైంది. పాప కోసం దించిన సీటు నాకు పొట్టి. చున్నీ నడుముకు కట్టుకుని వీధి దిగాను. మొదట వెనక బ్రేకు ఒక్కటే పట్టి చూశాను. చక్రం ఆగింది, సైకిల్ ఆగలేదు. మట్టిలో గీత గీసుకుంటూ చాలా దూరం జారింది. ఆడపిల్లలకు సరిపోతుందని వీళ్ళు వదిలిపెట్టే బ్రేకు అదే. మళ్ళీ పైకి తోసుకెళ్ళి ఈసారి రెండూ కలిపి, ముందుది కాస్త మెల్లగా పట్టాను. వీధి మధ్యలో ఉన్న కుళాయి దగ్గరే ఆగింది. వెనక చక్రం లేవలేదు.

మూడోసారి తోసుకెళ్తుంటే ఎదురింటి పెద్దాయన మిద్దె మీదనుంచి పిలిచాడు. "ఏమ్మా, ఈ వయసులో లైసెన్సుకు పోతాండావా?"

"లేదు మామా. మగోళ్ళ తెలివి ఎంత దూరంలో ఆగతాదో సూస్తాండా."

"ఆగిందా?"

"ఇంగా జారతానే ఉండాది."

ఆయన నవ్వాడు. అరుగు మీద మా ఆయన నవ్వలేదు. పాపను ఎక్కించి దింపాను, చేయి చాపించాను, చీకటి పడేదాకా మళ్ళీ మళ్ళీ చేయించాను. విసుక్కుంది. విసుక్కోనిచ్చాను. తమ్ముడిని కూడా కుంటుకుంటూ రమ్మని, రెండు సైకిళ్ళ మీదా కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని పిడులు పట్టమన్నాను. రెండింటి మీదా ఒకేలా పట్టాడు.

అన్నం తినేటప్పుడు కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. మా ఆయన స్పీకర్ పెట్టాడు.

"ఏమైందిరా సైకిల్ కత?"

"కుడికి మార్పిచ్చేసినా అన్నా" అన్నాడు మా ఆయన, పప్పు కలుపుకుంటూ. "ఆలోచించినా. రెండు సైకిళ్ళకూ ఒకటే చెయ్యి ఉండల్ల గదా. పిల్లోళ్ళు మార్చి మార్చి తొక్కుతారు."

"అదీ నిజమేరా" అన్నాడు బావ. "నేనూ అదే చెప్దామనుకున్న్యా."

పాప నా వైపు చూసింది. నేను ఆమె పళ్ళెంలో ఇంకొంచెం అన్నం వడ్డించాను. మా ఆయన మాటకు నాకు కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే అవతలి మనిషి నుంచి ఇంకేదో ఆశించి ఉండాలి. నాకు కావలసింది సోమవారం పొద్దున ఆ వీధి దిగి ఆగగలిగే సైకిల్ ఒకటి, అంతే. అది గోడకు ఆనించి ఉంది.

ఆ రాత్రి లేచి రెండుసార్లు గేటు దాకా వెళ్ళి నట్లు ముట్టి చూసుకున్నాను. ఎవరూ వాటిని ముట్టలేదు. అయినా పడుకోలేకపోయాను.

పొద్దున పాప జడలు వేసుకుని, సంచి తగిలించుకుని వచ్చింది. తమ్ముడికి ఆటో వస్తుంది. అయినా మోకాలికి కట్టుతో వాడు కూడా గేటు దగ్గర నిలబడ్డాడు. ఇద్దరినీ నా ముందు నిలబెట్టుకున్నాను.

"ఇద్దురూ ఇనండి. కుడి చెయ్యి ముందు చక్రానికి, ఎడం చెయ్యి వెనక చక్రానికి. ఆగేటప్పుడు రెండూ పట్టల్ల, ముందుది మెల్లగా. పట్టొద్దని ఎవురు చెప్పినా, మీ నాయన చెప్పినా సరే, ఆగేదానికి ఉండే బ్రేకు ఆగేదానికే పట్టల్ల. మీ సైకిల్ మీద ఎవురన్నా చెయ్యి పెడితే, బాగు చేసినామని చెప్పినా నమ్మొద్దండి. ఎక్కేముందు తోసుకుంటా నాలుగడుగులు పోయి, ఒకటొకటిగా పట్టి సూడండి."

"నాయన బాగు చేసినా?" అన్నాడు తమ్ముడు.

"నాయన చేసినా."

"నువ్వు చేసినా?" అంది పాప.

"నేను చేసినా. ఇప్పుడే పట్టి సూడు పో."